ఐలవ్వ ఎడమ కాలు

మంథనిలో మా వాడకట్టు నడుములన్నీ ఐలవ్వ ఎడమ కాలికి తెలుసు. తల కాకుండా కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు వదులుతుందని మా ఊరి నమ్మకం. ఐలవ్వ అలా పుట్టిందట. నాట్ల కాలమొస్తే ఆమె అరుగు ముందు జనం బోర్లా పడుకునేవాళ్ళు. ఆమె కొంగు బిగించి, మెల్లగా మూడు తన్నులు తన్ని, "ఇగ లే. మంచమెక్కినవంటే నా కాలు పనిచెయ్యది. నడుసుకుంట పో" అని గద్దించేది. నేనూ తన్నించుకున్నాను. తన్ను కంటే ఆ గద్దింపుకే ఎక్కువ భయపడ్డాను.

మనవరాలు ప్రవళిక కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టు. "అమ్మమ్మా, నడుము నొప్పి శానామట్టుకు దానంతట అదే తగ్గుతది. నీ కాలుతోటే తగ్గిందని రుజువేంది?" అంటే ఐలవ్వ మూతి తిప్పేది.

"గింతమంది లేచి నడిచిండ్రు. గది రుజువు కాదా?"

అలాంటి ఐలవ్వకే నడుము పట్టేసింది. అదీ ప్రవళిక కొడుక్కి బాసరలో అక్షరాభ్యాసం వారంలో ఉందనగా. మునిమనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని బియ్యంలో అక్షరం దిద్దించాలని ఆమె ఆశ. ఇప్పుడేమో మంచం దిగలేదు. ప్రవళిక ఉరుకులు పరుగుల మీద వచ్చి, కాళ్ళ తిమ్మిర్లు, జ్వరం, మూత్రం సంగతి అన్నీ అడిగి, నొక్కి చూసింది.

"ఫికర్ లేదు. లేచి జర నడువు."

"తన్నేటోళ్ళు లేకుంట ఎట్ల నడుస్త?" ఐలవ్వ మొండికేసింది.

పెద్దపల్లిలో ఉండే ఆమె అక్క సత్తమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాం.

"అక్కా, మనింట్ల నాలెక్క కాళ్ళతోటి పుట్టినోళ్ళు ఇంకెవలన్న ఉన్నరా?"

"నీలెక్కనా? కాళ్ళతోటి పుట్టింది నా తమ్ముడు, నీ అన్న రాజయ్య. నీకు తెలివి రాకముందే వాడు బొంబాయి పాయె. తన్నిచ్చుకోను వచ్చినోళ్ళను ఉత్తగ పంపలేక మనల కన్న అవ్వ నిన్ను నిలబెట్టింది. నువ్వు తలకాయతోటే పుట్టినవ్."

ఐలవ్వ ముఖం చూడాలంటే నాకు భయమేసింది. ఇంతలో మంచం కిర్రుమంది. ఆమె నడుము పట్టుకొని నవ్వుతోంది.

"నవ్వియ్యకుండ్రే, నడుము గుంజుతది. మరి గిన్ని నడుములు ఎట్ల సక్కగైనయే?"

ప్రవళిక కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "కొన్ని వాటంతట అవే. కొన్ని నువ్వు మంచమెక్కనియ్యక నడిపిస్తివి గద, అందుకు. మా సదువుల సుత గదే ఉన్నది."

"గట్లైతే నన్ను లేపుండ్రి."

ఆ పూట వాకిలి దాకా, మర్నాడు వీధి చివరి దాకా నడిచింది. ఆమె తన్నిన వాళ్ళంతా వెనకాలే నడుస్తూ "మంచమెక్కకు" అని ఆమె మాటే ఆమెకు అప్పజెప్పారు. మా వీధిలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. బాసరలో ఐలవ్వ తనంతట తనే కింద కూర్చుని, పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. దిద్దించింది అక్షరమో కాదో గానీ బియ్యమంతా చెల్లాచెదురైంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

తిరిగొచ్చేసరికి అరుగు ముందు మా వీధి సిద్దిరాములు బోర్లా పడుకొని ఉన్నాడు.

"నేను తలకాయతోటి పుట్టిన్రా."

"ఎరుకే అవ్వా. అయినా జర కాలు పెట్టు."

ప్రవళిక అతణ్ణి కూడా అన్నీ అడిగి, ప్రమాదమేమీ లేదని తల ఊపింది. "మెల్లగ, అమ్మమ్మా."

ఐలవ్వ కొంగు బిగించింది. "గీసారి కుడికాలుతోటి తంత. కాలుకో నడకకో, దేనికి తగ్గుతదో సూద్దాం. నడుసుకుంట పోయి, రేపొచ్చి నా మనవరాలికి చెప్పు."