తగ్గిందన్న సంబరం

దర్జీ భార్యకు కోపం వస్తే ముందు కత్తెర పక్కన పెడుతుంది. ఆ రోజు కత్తెర పక్కన పెట్టి, మెడలో టేపుతోనే డయాలసిస్ సెంటరుకు వెళ్లింది.

కారణం మొగుడి చొక్కా. వారానికి మూడుసార్లు సెంటర్లో రక్తం శుభ్రం చేయించుకునే మనిషికి కొత్త చొక్కా కుడదామని కొలిస్తే, జబ్బ చుట్టుకొలత ఏడాదిలో రెండంగుళాలు తగ్గింది. బరువు మాత్రం అప్పుడూ అరవై రెండే, ఇప్పుడూ అరవై రెండే. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల ఒళ్లు కొలిచిన చెయ్యి ఆమెది, పొరబడే రకం కాదు.

పథ్యంలో ఆమె లోటు చేసిందా అంటే, లేదు. కిడ్నీలు చెడిన కొత్తలో, ఇంకా డయాలసిస్ మొదలు కాకముందు, ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితాన్ని ఈరోజుకీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. గుడ్డు వద్దు, మాంసం వద్దు, పప్పు పలచగా. ఆయన "ఒక్క గుడ్డేనే" అని బతిమాలినా కరగలేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఈ ఏడాదిలో పదకొండు నుంచి ఆరుకు దిగింది. సెంటర్లో అందరూ భేష్ అంటే ఉబ్బి తబ్బిబ్బయింది.

"బరువు సరిగ్గా ఉంది, క్రియాటినిన్ తగ్గింది. ఇంకేం కావాలమ్మా?" అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

"తలెత్తి ఆ కుర్చీలో ఉన్న ఆయన చెయ్యి చూడండి బాబూ."

చూసింది కొత్తగా చేరిన నర్సు. ఫైలు తిరగేసి మొహం చిట్లించింది.

"క్రియాటినిన్ పుట్టేదే కండలోంచి అమ్మా. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి ఇంతలా తగ్గితే కండ కరుగుతోందేమో అని చూడాలి. కరిగిన బరువుని ఒంట్లో చేరిన నీరు పూడ్చేసింది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా పడిపోతోంది. డయాలసిస్ మొదలయ్యాక ఆ పాత పథ్యం పనికిరాదు, గుడ్లు పెట్టాలి. మీకెవరూ చెప్పలేదా?"

"ఎన్నాళ్లుగా పడిపోతోంది?"

"ఏడు నెలలుగా."

"నెలనెలా రక్తం తీసింది దేనికండీ? ఫైలు లావెక్కడానికా? మనిషి ఎండిపోతుంటే మీ కాగితాలు బలిశాయి!"

"చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ మాటకి ఆమె ఒళ్లు మండిపోయింది. ఏడు నెలలు చూడనివాడు ఇప్పుడు చూస్తాడట! కట్టుకున్నవాడి కడుపు చేతులారా మాడ్చింది తనేనన్న బాధ ఒకవైపు, ఆ పాపం చేయించినవాళ్లు తాపీగా కూర్చున్నారన్న కసి ఒకవైపు.

"పోనీలేవే" అన్నాడు మొగుడు కుర్చీలోంచి.

"పోనిచ్చేదేంటి? పోయేది మీరు!"

అప్పుడే పక్క కుర్చీ ముసలమ్మ కోడలు క్యారేజీతో లోపలికొచ్చింది. పోయిన నెల దర్జీ భార్య ఆ పథ్యం కాగితాన్ని పని గట్టుకుని ఆమెకి రాసిచ్చింది. కోడలి మొహం వెలిగిపోతోంది.

"అక్కా! మీరు చెప్పినట్టే గుడ్డు మానిపించేశాను. మా అత్తయ్యకీ తగ్గింది!"