గుసగుస డాక్టరుగారు

మా ప్రయోగశాల డాక్టరుగారు గొంతెత్తి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఏం చెప్పినా గుసగుసే. ఆయన్ని గుసగుస డాక్టరుగారనేవాళ్లం, అదీ గుసగుసగానే.

దీనికంతటికీ కారణం ఎలుకలు. ఒక పురుగుమందు నరాల్ని ఏం చేస్తుందో తేల్చడం ఆయన పని. ఆ మందు ఒంట్లోకి వెళ్లిన ఎలుకకు చిన్న చప్పుడు కూడా పిడుగే. మామూలు ఎలుక గంట మోగితే చెవులు రిక్కించి ఊరుకుంటుంది. ఇది మూర్ఛ వచ్చి గిలగిలా కొట్టుకుంటుంది. ఎంత మందుకు ఎంత చప్పుడు చాలునో చూడాలి. గంట కొట్టే ముందు డాక్టరుగారు బోను దగ్గర వంగి, "ఏమనుకోకు తల్లీ" అనేవారు.

మిగతా వేళల్లో గుండుసూది కింద పడినా ఒప్పుకునేవారు కాదు. తలుపులకు నూనె ఆయనే రాసేవారు. తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తేవారు. టైపిస్టునైన నన్ను మిషన్‌తో సహా సైకిల్ షెడ్డుకు పంపేశారు. వానొస్తే గొడుగు కింద కూర్చుని టైపు కొట్టేదాన్ని.

ఇంట్లోనూ అదే తంతు. "మీ సారు నన్ను ఒక్కనాడూ తిట్టలేదే అమ్మాయ్" అంది ఆయన భార్య ఓసారి.

"రోజూ తిడుతూనే ఉన్నానమ్మా" అని నా చెవిలో ఊదారాయన.

ఒకరోజు అగ్నిమాపక అధికారి మా సైరన్ పరీక్షించడానికి వచ్చాడు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. డాక్టరుగారు చేతులు బార్లా చాచి తలుపుకు అడ్డం నిలబడ్డారు.

"వద్దండీ."

"ఏంటీ?"

"సైరన్ వద్దండీ."

"గట్టిగా చెప్పండి సార్!"

"అదే కుదరదండీ!"

ఈయనకేమైందన్నట్టు అధికారి నా వైపు చూశాడు. సైరన్ మోగితే ఎలుకలన్నీ మూర్ఛలొచ్చి చస్తాయని అతని చెవిలో చెప్పాను.

"ఓహో, ప్రయోగం పాడవుతుందనా? ఎప్పటికవుతుంది?"

"పోయిన నెలే అయిపోయింది" అన్నారు డాక్టరుగారు. "రిపోర్టు కూడా చేత్తో రాసి పంపేశాను."

నాకు మతిపోయింది. "మరి నేనింకా షెడ్డులో ఎందుకున్నానండీ?"

"మందు వాటి ఒంట్లోంచి ఇంకా దిగలేదమ్మా" అన్నారాయన, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. "పని మనకయిపోయింది. బాధ వాటికి అవలేదుగా."

అధికారి వంగి బూట్లు విప్పి చేతబట్టుకున్నాడు. మునివేళ్ల మీద డాక్టరుగారి దగ్గరికొచ్చి, "సైరన్ వచ్చే నెల పెట్టుకుందామా సార్?" అని గుసగుసలాడాడు.

డాక్టరుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగారు.

"ఏమన్నారు? వినపడలేదు!"