మూలం దొరకని కథ

2000 సంవత్సరం జూన్‌లో సికింద్రాబాద్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో సంపాదకుడిగా చేరాను. ఏడాది పొడవునా తెలుగు పత్రికల్లో వచ్చిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల్లో మేలైనవి ఏరి, ఏటా ఒక సంకలనం తేవడం నా పని. అంతకు ముందు ఒక వారపత్రికలో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మా ఆఫీసు కింది అంతస్తులో కంప్యూటర్ కోర్సులు నేర్పేవారు. అక్కడికి వచ్చే కుర్రకారు ఇలాంటి కథలు కొని చదువుతారని ప్రచురణకర్త నర్సింగరావు నమ్మకం.

పద్ధతి ఇది. కథలు కత్తిరించి ఫుల్‌స్కేప్ కాగితాలకు అంటించి, రచయిత పేరు మూసేసి, నంబరు వేసి ఇద్దరు పాఠకులకు పంపేవాళ్ళం. ప్రతి కథకూ ఒక అభిప్రాయ పత్రం ఉండేది. అందులో చివరి రెండు గళ్ళు ‘అనుసరణ అని అనుమానమా?’, ‘మూలం’. ఇంగ్లిష్ కథను అటూ ఇటూ మార్చి సొంతమని పంపేవాళ్ళు ఉండేవారు కనుక ఆ గళ్ళు అవసరమే. ఏ నంబరు ఎవరిదో తెలిసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

పదిహేడో నంబరు కథ పేరు ‘రాని బండికి సిగ్నల్’. టైంటేబుల్లో లేని ఒక రైలు కోసం రోజూ ఒకే నిమిషానికి సిగ్నల్ పడుతుంటుంది. సిగ్నల్ మెకానిక్ తీగలన్నీ విప్పి చూస్తాడు, లోపం ఉండదు. చివరికి అతను సిగ్నల్ బాగుచేయడం మానేసి ప్లాట్‌ఫారం కడగడం మొదలుపెడతాడు. పాఠకులిద్దరూ దానికే మొదటి స్థానం ఇచ్చారు. నాకు మాత్రం ఎక్కడో చదివినట్టు తోచింది. రాసింది మల్లేశం, మెట్టుగూడలో ఉండే రైల్వే సిగ్నల్ మెయింటెయినర్. అతను పంపిన అనుమతి ఉత్తరంలో వాక్యాలు తిన్నగా లేవు. ఈ చేత్తో ఆ కథ రాదని తీర్మానించుకున్నాను. నా దగ్గరున్న ఇంగ్లిష్ వార్షిక సంకలనాలన్నీ వెతికాను. దొరకలేదు. అయినా అనుమానం గడిలో ‘అవును’ అని రాశాను, మూలం గడి ఖాళీగా వదిలేసి, కథను సంకలనం నుంచి తప్పించాను. అంతటితో ఆగలేదు. ఆ కథ వేసిన బేగంపేట వారపత్రిక సంపాదకుడికి ఫోన్ చేసి, ‘ఎక్కడో చదివిన కథలా ఉంది, చూసుకోండి’ అన్నాను.

డిసెంబరులో ఒక ఉదయం మల్లేశం డ్యూటీ దిగి నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. వారపత్రిక అతని కొత్త కథను వెనక్కి పంపుతూ కారణం కూడా చెప్పిందట. అతను గొంతు పెంచలేదు. సంచిలోంచి పాత రాతప్రతి తీసి బల్ల మీద పెట్టాడు. అదే కథ. మొదటి పేజీ మార్జిన్‌లో ఎర్ర సిరాతో, ‘బాగుంది. మన పాఠకులకు అందదు. తిరుగు టపా.’ కింద నా పొడి సంతకం, నేను సబ్ ఎడిటర్‌గా ఉన్ననాటి, ఎనిమిదేళ్ళ కిందటి తేదీ.

“ఎక్కడ్నో సదివిన అన్నరంట గదా సార్. నిజమే, సదివిండ్రు. గిదే సదివిండ్రు.”

సంకలనంలో వేస్తానని ఎలాగో అన్నాను.

“బుక్కుల ఏయకున్నా మంచిదే. దొంగ అన్నరు, జెర అది తీసేయుండ్రి.”

అప్పటికి పుస్తకం దాదాపు అచ్చయిపోయింది. పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చువేస్తారు. పేజీ నంబర్లు తేలాక వేయాలి కనుక విషయసూచిక ఉండే ముందు ఫారం ఆఖరున వేస్తారు. మిగిలింది అదొక్కటే. అందులో నాలుగు పేజీలు టైటిల్, వివరాలు, విషయసూచికలకు పోతే, పన్నెండు పేజీలు నా పీఠిక. నెల రోజులు కూర్చుని రాసింది. కథకు పదకొండు పేజీలు చాలు. పీఠిక తీసేయమన్నాను.

నర్సింగరావు తల పట్టుకున్నాడు. “ఏందీ మూర్తిగారూ, ఆఖర్ల ఈ పరేషాన్? వచ్చే ఏడు బుక్కుల ఏద్దాం తియ్యిండ్రి.”

“అందాకా అతను దొంగగానే ఉండాలాండీ?” అన్నాను.

“ఒక పేజీ మిగుల్తది. అండ్ల ఏం రాస్తరు?”

“జరిగింది రాస్తాను.”

“మీ పేరు ఖరాబయితది.”

“అవనీయండి” అన్నాను. ఆయన కాసేపు గొణిగి, ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

మర్నాడు బేగంపేట వెళ్ళి ఆ సంపాదకుడికి ఉత్తరం ఇచ్చాను. నా ఆరోపణకు ఆధారం లేదని, తప్పు నాదేనని రాశాను. “ఫోన్‌లో చెప్తే సరిపోయేది కదండీ, ఇంత దూరం ఎందుకు?” అన్నాడాయన. ఫోన్‌లో చెప్పడం వల్లనే ఇంత జరిగిందన్నాను. అందినట్టు నకలు మీద సంతకం పెట్టించుకుని, మెట్టుగూడ వెళ్ళి దాన్ని మల్లేశం చేతికిచ్చాను. ఆ పత్రిక మళ్ళీ అతని కథ వేయడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర నా ఖాతాలోదే.

జనవరిలో మల్లేశం రచయిత ప్రతుల కోసం వచ్చాడు. నా పేజీ నిలబడే చదివాడు. తర్వాత తన కథ తిరగేసి, పీఠిక ఉండాల్సిన చోట అది మొదటి కథగా ఉండటం చూశాడు.

“ఎనిమిదేండ్లు లేటు సార్. మా డిపార్టుమెంటుల అయితే చార్జిషీటు ఇస్తరు” అన్నాడు.

“ఇచ్చుకున్నాను కదయ్యా, ఆ పేజీలో” అన్నాను.

అతను ఇంకో ప్రతి అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత మరో నాలుగు సంకలనాలకు పనిచేశాను. చదివినట్టు అనిపించడం ఆధారం కాదు. ఎక్కడ చదివామో పుస్తకం పేరు, పేజీ రాయగలిగితేనే అది ఆధారం. మూలం గడి నింపలేనప్పుడు అనుమానం గడిలో నేను మళ్ళీ కలం పెట్టలేదు. ఆ నాలుగేళ్ళలో రెండుసార్లు నింపగలిగాను.