మా పెద్దబాపు పెద్ద బండి

ఆ రోజుల్లో (మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాటే) నాకు ఉద్యోగం లేదు గానీ డ్రైవింగ్ లైసెన్సు ఉండేది. అదొక్కటి జేబులో ఉంటే ఎక్కడలేని హోదా వస్తుందని నమ్మేవాణ్ణి. నా నమ్మకానికి తగ్గట్టే, కాశిబుగ్గలో జంపఖానాల వ్యాపారం చేసే మా పెద్దబాపు (మా నాన్నకు అన్న) హైదరాబాదులో ఎవరో వాడి అమ్మిన విదేశీ బండి ఒకటి కొనుక్కొచ్చి తాళం నా చేతిలో పెట్టాడు. తోలు సీట్లు, అద్దాల కప్పు, మా సందులోకి వస్తే గోడలకు జానెడు చోటు కూడా మిగలనంత వెడల్పు. కూరగాయలకూ అదే, పిండిగిర్నీకీ అదే. చెప్పులు గుమ్మంలోనే విడిచి ఎక్కాలని పెద్దమ్మ అందరికీ కట్టడి చేసింది. "రోజూ తిప్పితే ఇసొంటి బండ్లు నిలుస్తయా?" అని ఎవరైనా అంటే, ఆ బండిని నేనే కన్నట్టు నాకు ఒళ్ళు మండేది.

అది కొనడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడు మా అక్క, అంటే పెద్దబాపు కూతురు, బీఎడ్ ప్రవేశ పరీక్షకు వెళ్తే బస్సు ఆలస్యమై నిమిషం తేడాతో గేటు మూసేశారు. (మన దగ్గర ఆ నిమిషం నిబంధన ఎంత గట్టిదో పిల్లల్ని చదివించే ప్రతి ఇంటికీ తెలుసు.) గేటు పట్టుకుని ఆమె ఏడ్చిన ఏడుపు పెద్దబాపు మరిచిపోలేదు. ఈసారి కూడా తప్పితే ఇక చదువు మాటే ఎత్తనని అక్క తెగేసి చెప్పింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, బస్సు లేదు గిస్సు లేదు, మన బండి ఉన్నది" అన్నాడాయన.

పరీక్ష రోజు పొద్దున్నే పెద్దమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణె నా చేతికిచ్చి, "బండికి మంచిగ బొట్లు పెట్టురా, పిల్ల మంచి పనికి పోతాంది" అంది. నేను ఏ పనైనా మనసుపెట్టి చేసే రకం (చెడగొట్టే పనులైతే మరీను). ముందు బంపరు మీదా వెనక బంపరు మీదా రూపాయి బిళ్ళంత గుండ్రటి చోట్లు వరసగా కనిపించాయి. బొట్లు పెట్టుకోవడానికి కంపెనీవాళ్ళు ఎంత ముద్దుగా చోటు వదిలారో అని మురిసిపోయి, మొత్తం పన్నెండింటికీ చిక్కటి పసుపు మెత్తి కుంకుమ దిద్దాను.

అక్క హాల్ టికెట్టు పట్టుకుని వెనక ఎక్కింది, పెద్దబాపు ముందు కూర్చున్నాడు. బండి గజం కదిలిందో లేదో కుయ్ కుయ్ మని కూసి, దానంతటదే బ్రేకు వేసుకుని ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. "ముంగట ఏదో అడ్డమున్నదట" అని చదివి చెప్పాను. దిగి చూస్తే, సందులో కాస్త దూరంగా పక్కింటి మగ్గం తాత నేతకని చాపిన నూలు పడుగు ఉంది. పిల్ల పరీక్ష అనేసరికి పాపం ఆయన మారుమాట్లాడకుండా పడుగంతా చుట్టేశాడు. మళ్ళీ ఎక్కాం. మళ్ళీ గజం, మళ్ళీ కుయ్. ఈసారి వెనక కూడా అడ్డమే అంది. "నూలంత తీస్తి గదరా, ఇంకేం అడ్డమున్నదంటది? నేనా?" అంటూ తాత గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

ఇంతలో పెద్దమ్మ పరుగున వచ్చింది. "గిది దిష్టే! సందు సందంత గీ బండినే చూస్తాండ్రు" అని తేల్చేసి, ఇంకో గిన్నె పసుపు కలుపుకొచ్చి, నా బొట్లు పలచగా ఉన్నాయని ఒక్కోదాని మీద ఇంకో పూత వేసింది. దాంతో బండి కూత ఆపడమే మానేసింది. "గట్ల ఒర్లుతాందేందిరా, జర ఏమన్న చెయ్యి!" అన్నాడు పెద్దబాపు చెమటలు తుడుచుకుంటూ. నాకు తెలిసిన విద్యల్లా ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడమే. అది నాలుగుసార్లు చేశాను.

"ఇంక ఇరవై నిమిషాలే ఉన్నది" అంది అక్క. నిరుడు చూసిన నీళ్ళే ఆ కళ్ళలో మళ్ళీ నిండాయి. కానీ ఈసారి ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. "మీ బండిని మీరే బుజ్జగించుకోండ్రి" అని తలుపు తోసుకుని మెయిన్ రోడ్డుకు ఉరికింది. ఉల్లిగడ్డల బస్తాలతో పోతున్న ఆటోను ఆపి ఎక్కింది, వెనకాల మేమిద్దరం. నర్సంపేట రోడ్డులో కాలేజీ ముందు దిగి అక్క పరుగెత్తుతుంటే గేటు దగ్గరి మహిళా పోలీసు, "చెప్పులేవమ్మా?" అంది. అప్పుడు చూసుకున్నాం, ముగ్గురివీ ఉత్త కాళ్ళే. అక్క అప్పటికే లోపలికి దూరింది. రెండు నిమిషాల తర్వాత గేటు మూశారు. పెద్దబాపు అక్కడే రోడ్డు పక్కన కూలబడి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

రెండు రోజులకు వర్క్‌షాపు నుంచి ఒకతను లాప్‌టాప్‌తో వచ్చాడు. బండి చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి, లాప్‌టాప్ తెరవకుండానే తడిగుడ్డ అడిగాడు. ఎండి పెచ్చులు కట్టిన పన్నెండు బొట్లూ తుడిచి స్టార్ట్ చేస్తే బండి కిక్కురుమనకుండా కదిలింది. "ఇవి సెన్సార్లు, బండి కండ్లు సార్, మూస్తే ఎట్ల నడుస్తది?" అన్నాడు. పెద్దబాపు నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. తిడతాడనుకున్నాను గానీ, ఆయన ఇంటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ పెద్దమ్మకు చెప్పకు. బిడ్డకు నా చేత్తోనే అడ్డం పడ్డనని జన్మంత కుములుతది. బండే ఖరాబని చెప్పు."

ఆ మాట నిలబెట్టడానికి ఊరంతా ఆ బండిని తిట్టీ తిట్టీ, అంత తిట్టినదాన్ని ఇంట్లో ఉంచుకుంటే బాగుండదని మూడు నెలల్లో అమ్మేశాడు కూడా.

అక్క ఇప్పుడు టీచరు. మొన్న అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి, "ఔ తమ్మీ, ఆ దినం ఆ బండికి అసలేమైందిరా?" అని అడిగింది. పెద్దమ్మ నాకే పప్పు వడ్డిస్తోంది. పెద్దబాపు కంచంలోంచి తల ఎత్తలేదు. "ఏముందక్కా, పెద్ద బండ్లు గంతే, రోజు పనికి నమ్మరాదు" అన్నాను. ఆ మాట ఇంకెవరైనా అంటే కొట్లాటకు పోయిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. "నేను గప్పుడే అన్న, దిష్టి తగిలిన బండని" అని పెద్దమ్మ తృప్తిగా నెయ్యి కూడా వేసింది. పాపం, ఆ రోజు మా అందరిలో నిజం చెప్పింది ఆ బండి ఒక్కటే, సందంతా వినబడేలా చెప్పింది కూడా.