డెల్బర్ట్ పారేసిన సెల్

ఆర్లిస్ మాడాక్స్ పేరు ఎవరైనా ఎత్తితే చాలు, డెల్బర్ట్ ప్రూయిట్ చేతిలో పని ఆగిపోయేది. ఇద్దరూ అమెరికాలోని నాష్‌విల్‌లో ఒకే ముసలాయన దగ్గర రేడియో మరమ్మతు నేర్చుకున్నారు. పంతొమ్మిది వందల డెబ్బైల నాటికి ఎవరి షెడ్డు వారిది. పాటలు రికార్డు చేసే స్టూడియోలకు కంప్రెసర్లు బాగుచేసి ఇచ్చేవారు. గాయకుల గొంతు ఉన్నట్టుండి పెరిగితే అణిచి, తగ్గగానే వదిలిపెట్టే పెట్టెలవి. ఒక్కో పెట్టెలో వెలుతురు చొరబడని చిన్న డబ్బా ఉంటుంది. గొంతు పెరిగితే ఆ డబ్బాలో ఒక పలక వెలుగుతుంది. దానికి ఎదురుగా, వెలుగును పసిగట్టే చిన్న బిళ్లలాంటి సెల్ ఉంటుంది; అది ఆ వెలుగు సోకగానే ధ్వనిని తగ్గిస్తుంది. వెలుగు ఆరాక అది మళ్లీ మామూలు స్థితికి రావాలి. కొన్ని చటుక్కున వచ్చేస్తాయి. కొన్ని సగం త్వరగా వచ్చి, మిగతా సగం బద్ధకంగా వస్తాయి. ఎంతసేపు వెలుగు తాగితే అంత ఆలస్యం.

ఆ బద్ధకమంటే డెల్బర్ట్‌కు ఒళ్లు మంట. కొత్త సెల్‌లు రాగానే మీటరు పెట్టి చూసి, నిదానమైనవాటిని బల్ల కింద ఖాళీ కాఫీ డబ్బాలో పడేసేవాడు. ఇంత శుభ్రంగా చేసినా, గాయకులు ఆర్లిస్ పెట్టెలే కావాలనేవారు.

"మీటరు వంకైనా చూడడు వాడు. చెవితో వింటాడట," అన్నాడొకరోజు అన్నం దగ్గర.

"మళ్లీ ఆర్లిసేనా? బీన్స్ చల్లారిపోతున్నాయి," అంది భార్య ఓపల్. "పోనీ, నువ్వూ చెవితో వినరాదూ?"

ఆ మాటకు డెల్బర్ట్ కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు.

ఆ వారమే జూన్ టిడ్‌వెల్ తన స్టూడియోలో టేపు మిషన్ చూడమని పిలిచింది. మర్నాడు గాయని లవర్న్ కాబ్ వచ్చి నిదానమైన పాటలు పాడబోతోంది. అలమరలో ఆర్లిస్ పెట్టె ఉంది.

"అది లేకపోతే లవర్న్ మైకు ముందుకే రాదు, మిస్టర్ ప్రూయిట్," అంది జూన్ మామూలుగా. ఆమెకు మామూలే. డెల్బర్ట్ మాత్రం పనిముట్లు విసురుగా సంచిలో పడేసుకున్నాడు.

ఇంటికి వెళ్లి కాఫీ డబ్బా కుమ్మరించి, ఉన్నవాటిలోకెల్లా బద్ధకపు సెల్ ఏరాడు. దాన్ని కొత్త డబ్బాలో బిగించాడు. మర్నాడు టేపు మిషన్ పని మిగిలిందన్న వంకతో వెళ్లి, జూన్ కాఫీకి లేచినప్పుడు పెట్టెలోంచి ఆర్లిస్ డబ్బాను లాగి తనది గుచ్చాడు. బల్బు మార్చినంత తేలిక. పాట మధ్యలో గొంతు మునిగిపోతుంది, అందరి ముందూ ఆర్లిస్ పరువు పోతుంది. అది కళ్లారా చూడాలని స్క్రూడ్రైవర్ పట్టుకుని మిషన్ వెనక కూర్చున్నాడు.

లవర్న్ పాడింది. పై స్థాయికి ఎక్కి నిలబెట్టి, ఒక్కసారిగా గుసగుసలోకి దిగింది. అక్కడ గొంతు ఎగిరిపడలేదు, మునగలేదు. ఊపిరితో సహా నెమ్మదిగా, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పైకి తేలింది. జూన్ చెయ్యి ధ్వని పెంచే మీట మీద ఉంది కానీ కదపాల్సిన పని పడలేదు.

"జూన్, ఆర్లిస్‌కి ఫోన్ చెయ్యవే," అంది లవర్న్ విన్నాక. "ఇన్నాళ్లకి నా గొంతు నాకే నచ్చింది. ఆ ముసలాడికి ముద్దు బాకీ ఉన్నానని చెప్పు."

అది నాది అనబోయి డెల్బర్ట్ నోరు మూసుకున్నాడు. అంటే, అక్కడికెలా వచ్చిందో చెప్పాలి. నెలల తరబడి ఊరంతా ఆర్లిస్ పనితనాన్ని పొగుడుతుంటే, నిజానికి అవి తన పనికి దక్కాల్సిన మాటలని తెలిసి డెల్బర్ట్ ఉడికిపోయాడు.

చివరికొకరోజు పెట్టె విప్పి చూసిన ఆర్లిస్, ఆ డబ్బా చేతిలో పట్టుకుని డెల్బర్ట్ షెడ్డుకు వచ్చాడు.

"ఈ తీగ వంచిన తీరు చూడరా. మన ముసలాయన నేర్పిన వంపు. నేను మానేసి చాలా కాలమైంది. నువ్వింకా మానలేదు."

డెల్బర్ట్ చేతిలోని మీటరు బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు పెట్టావ్?"

"నీ పరువు తీద్దామని."

ఆర్లిస్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం వచ్చినట్టే ఉంది, కానీ అడిగింది వేరే. "ఇంత మంచిదాన్ని ఎందుకు పారేశావ్?"

"వెలుగుని ఓ పట్టాన వదలదు. దరిద్రపు సెల్."

"నిదానమైన పాటకి అదే కావాలిరా. డ్రమ్ములకైతే నువ్వు ఉంచుకునే చురుకైనవే నయం. నేను రెండూ ఉంచుకుంటాను. సరే గాని, నా డబ్బా ఏదీ?"

డెల్బర్ట్ సొరుగులోంచి తీసిచ్చాడు. ఆర్లిస్ దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు జూన్ ఫోన్ చేసింది. "ఆ డబ్బా మీరు చేసిందట కదా, మిస్టర్ ప్రూయిట్. మిస్టర్ మాడాక్స్ ఇప్పుడే చెప్పారు. మాకు అలాంటివే ఇంకో రెండు కావాలి. ఆయన మనసు చూడండి, ఇంకొకరైతే పేరు తామే కొట్టేసేవారు."

పని వచ్చింది. పేరూ వచ్చింది. కాఫీ డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా స్టూడియోలకు వెళ్లిపోయాయి. డెల్బర్ట్ మీటరు పక్కన స్పీకరు కూడా పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. అయినా రాత్రి భోజనం దగ్గర మొహం ముడుచుకునే ఉండేది.

"ఇప్పుడేమొచ్చింది మళ్లీ?" అంది ఓపల్.

"మంచివాడన్న పేరు కూడా వాడే కొట్టేశాడు."

ఓపల్ పడీ పడీ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. డబ్బా మార్చిన సంగతిని ఆర్లిస్ తను బతికున్నంతకాలం ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. దానికీ డెల్బర్ట్ లోలోపల కుళ్లుకుంటూనే ఉండేవాడు.