నారుమడిలో ఉప్పునీళ్లు

మొన్న తొలకరికి నౌపడ దగ్గర మా అక్క నారుమడి ఉప్పునీళ్లకు మాడిపోయింది. నారు లేకపోతే ఆ ఏడు ఉడుపు లేదు, నాట్లు పడవు. పక్కన ఉప్పుమడులు చేసే ఆయన, వానకు మడులు నిండిపోతుంటే తూము పలక ఎత్తి నీళ్లు కాలవలోకి వదిలేశాడు. అవే అక్క మడిలోకి వచ్చాయి.

పెద్దలు కూర్చున్నారు. "గుళ్లో కర్పూరం ఆర్పి, తప్పు నేదని పెమాణం సేసెయ్. అయిపోద్ది," అన్నారు ఆయనతో.

నాకు ఒళ్లు మండింది. కర్పూరం ఆర్పితే చచ్చిన నారు లేస్తుందా? నష్టపరిహారం తేల్చేది ప్రమాణం కాదు. అవతలివాడు జాగ్రత్తగా ఉండాల్సిన చోట ఉండలేదని, అందువల్లే నష్టం జరిగిందని అడిగేవాళ్లు చూపాలి. అదే చెప్పాను.

"వాన నాను కురిపించానేటి బావా? దేవుడి పని!" అన్నాడు ఉప్పుమడుల ఆయన.

"వాన సంగతి వదిలెయ్. పలక ఎత్తింది నీ చెయ్యి. వాన వస్తుందని రెండ్రోజుల ముందే అందరి ఫోన్లకూ కబురొచ్చింది. ముందే తెలిసిన వానకు దేవుణ్ణి అడ్డం పెడితే కోర్టు కూడా ఒప్పుకోదు."

ఆయన నావైపు తిరిగాడు. "సరే. మరి మీ గట్టుకి గండి ఎవుడు కొట్టాడు?"

కాలవ నీళ్ల కోసం ముందురోజు గండి కొట్టింది అక్కే. వాన మొదలయ్యాక పూడ్చలేదు. ఊరుకోమని ఆమె మోచెయ్యి నొక్కాను.

అక్క నా చెయ్యి విదిలించింది. "ఒరే, నిజం సెప్పాలని ఊరంతా ఉపన్యాసాలిస్తావు, నన్ను నోరు ముయ్యమంతావేటి? నానే కొట్టాను. పూడ్సలేదు."

అందరూ నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆ నవ్వులోనే ఉప్పుమడుల ఆయన మొహం మెత్తబడింది. "పలక ఎత్తే ముందు ఓ కేకెయ్యాల్సింది వొదినా. ఎయ్యలేదు. అది నా తప్పు," అన్నాడు.

అప్పుడు పెద్దలకు నేను చెప్పగలిగింది ఒక్కటే: నష్టపోయినవాళ్ల తప్పు కొంత ఉంటే పరిహారం తగ్గుతుంది గానీ హక్కు పోదు. ఈసారి ఎవరూ గుడి మాట ఎత్తలేదు, ఇలా తేల్చారు: మెరకలో ఆయనకున్న నారుమడిలోంచి అక్కకు కావాల్సిన నారులో సగం ఆయన ఇవ్వాలి, మిగతా సగం అక్క చూసుకోవాలి. పలక ఎత్తే ముందు కేక వెయ్యాలి, కేక వినగానే గండి పూడ్చాలి.

మర్నాడు పొద్దున్నే ఆయన పెళ్లాం, అక్క ఆ మెరక మడిలో పక్కపక్కనే వంగి నారు పీకుతున్నారు. కట్టలు మొయ్యడం నా వంతు.