చాటెడు తవుడికి కొన్న తల్లి

మొన్న ఆదివారం పూర్ణా మార్కెట్లో పచ్చిమిరపకాయలు ఏరుకుంటున్నాను. పక్కనున్న దాణా కొట్టు ముందు ఎవరో కొత్త బస్తా మూతి విప్పారు. గుప్పుమని తవుడు వాసన కొట్టింది. కొత్త తవుడికి తియ్యగా, కొంచెం నూనె జిడ్డుగా ఒక వాసన ఉంటుంది, ఎరిగినవాళ్ళకి తెలుస్తుంది. నా చేతిలో మిరపకాయలు చేతిలోనే ఉండిపోయాయి. "ఏటమ్మా, కళ్ళు తిరుగుతన్నాయేటి? కూకో అలాగ" అని కూరలావిడ స్టూలు జరిపింది. ఏమని చెప్పను ఆవిడకి? నా కన్నకొడుకుని ఒకప్పుడు చాటెడు తవుడికి అమ్మేశామమ్మా అంటే జనాన్ని పోగెయ్యదూ! కానీ జరిగింది అదే. కొనుక్కున్నావిడ పేరు కాసింబీ. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ చేసిన పనికి అప్పట్లో నాకు మతి పోయింది. ఇన్నేళ్ళయినా, తలుచుకుంటే ఇప్పటికీ పోతూనే ఉంటుంది.

మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, పిల్లలందరూ చల్లగా ఉన్న మరో తల్లికి ఆ బిడ్డని అమ్మేస్తారు. ఖరీదు చాటెడు తవుడు. బిడ్డ తమది కాదని తేలిపోతే మృత్యువు ఆ గడప తొక్కదని నమ్మకం. ఏడాది నిండాక ఆ తల్లికి చీర పెట్టి బిడ్డని తిరిగి తెచ్చుకుంటారు. మా వైపు ఏ ఊళ్ళో చూసినా తవిటయ్యలు, తవిటమ్మలు, తవిటినాయుళ్ళు కనిపించేది అందుకే. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే, రెండోది నెల తిరక్కుండానే. మూడోవాడు పుట్టగానే మా అత్తమ్మ "ఈణ్ణి అమ్మెయ్యాల్సిందే" అని పట్టుబట్టింది. నేను డిగ్రీ చదువుకున్నదాన్ని, పోర్టు దగ్గర సరుకుల క్లియరెన్సు ఆఫీసులో పని చేస్తున్నదాన్ని. మామూలు రోజుల్లో అయితే ఆవిడ మీద ఇంతెత్తున లేచేదాన్నే. ఇద్దర్ని మట్టికి అప్పజెప్పాక లేవడానికి నాలో ఏం మిగిలింది? సరే అన్నాను.

వన్ టౌన్‌లో మేం అద్దెకుండే ఇంటికి కింది వాటా కాసింబీ పిన్నిది. వాళ్ళది పరుపులు, దిళ్ళు కుట్టే కుటుంబం. ఆవిడ జుట్టులో, కనుబొమల మీద ఎప్పుడూ దూది పింజలు అంటుకుని ఉండేవి. గొంతు మాత్రం దూదిలాంటిది కాదు. ఆవిడ గుసగుసలాడినా వీధి మలుపు దాకా వినపడేది. ఐదుగురు పిల్లలు, ఐదుగురూ రాళ్ళలా ఉన్నారు. ఆ చెయ్యి మంచిదని మా అత్తమ్మ ఆవిడనే అడిగింది. బారసాల నాడు పిన్ని కొత్త చాట నిండా తవుడు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఇదిగోనమ్మా మీ తవుడు. ఇంక ఈ గుంటడు నావోడు. ముద్దుకి మీరెత్తుకోండి, దెబ్బలాటకి నానుంటాను" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బొమ్మల పెళ్ళి లాంటిదే కదా అనుకున్నాను. తీరా ఆవిడ నా చేతుల్లోంచి వాణ్ణి అందుకుంటుంటే పొత్తిగుడ్డ అంచు వదల్లేకపోయాను. సర్కారు కాగితాల్లో వాడి పేరు హేమంత్. ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచీ తవుడే.

నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాక పగలంతా వాడు అత్తమ్మ దగ్గరా, పిన్ని దగ్గరా ఉండేవాడు. దూది కుప్పలో పడుకోబెడితే కాళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. సాయంత్రం నేను రాగానే పిన్ని మొదలెట్టేది. "సత్తెవతీ, నా బిడ్డకి గోళ్ళు తియ్యలేదేటే? నా బిడ్డకి ఆ నైలాను చొక్కా ఏటే, ఉక్కపోసి సావాలా?" నా బిడ్డ, నా బిడ్డ అని ఆవిడ అంటుంటే నాకు ఒళ్ళు మండేది. అయినా వాడు బతికున్నాడు, పాలు తాగుతున్నాడు, బొద్దుగా ఉన్నాడు. ఇంకేం కావాలి నాకు? ఎంత బుద్ధిమంతుడో అని ఆఫీసులో అందరికీ చెప్పుకునేదాన్ని. ఓడ కూత పెట్టనీ, కుక్కరు అరవనీ, వీధిలో ఆటోవాళ్ళు కొట్టుకోనీ, వాడు హాయిగా నిద్రపోయేవాడు. ఒకసారి నేను ఆ మాటే గొప్పగా చెబుతుంటే పిన్ని పని ఆపి మా అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ "పద, పప్పు పొంగుతాంది" అంటూ నన్ను మేడ మీదికి తోలేసింది. ముసలాళ్ళిద్దరికీ ఏదో మాటపట్టింపు వచ్చిందనుకున్నాను.

వాడి మొదటి పుట్టినరోజు ఆదివారం పడింది. మా ఆయన ఈశ్వరరావు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆయన షిఫ్టు స్నేహితులంతా పెళ్ళాం పిల్లలతో పొద్దున్నే దిగారు. మేడ మీద షామియానా వేసి, బిర్యానీ వాళ్ళే వండారు. "బావా, ఉప్పు సూడు" అని అప్పలరాజు అనడం, చూసిన ప్రతివాడూ ఒక గరిటెడు తినడం. పిల్లలు బుడగల వెంట పడి షామియానా తాళ్ళు తట్టుకుని పడుతున్నారు. ఒక్క ఏడాది, ఆ ఒక్క ఏడాది దాటించడానికి నేను ఎన్ని రాళ్ళకి మొక్కానో! దాటింది. కేకు కోయించాం. వాడు క్రీములో చెయ్యి ముంచి మొహమంతా పులుముకున్నాడు. ఇంక మిగిలింది బిడ్డని తిరిగి తీసుకోవడమే. అత్తమ్మ పళ్ళెంలో చీర, గాజులు, పళ్ళు పెట్టుకుని వచ్చి, వాణ్ణి ఎత్తుకుని నిలబడిన పిన్ని ముందు ఆగింది. "వదినా, నీ సలవ వల్ల ఏడాది నిండింది. మా బిడ్డని మాకిచ్చీ" అంది.

పిన్ని పళ్ళెం వైపు చూడనైనా లేదు. "నానివ్వను" అంది.

ఘొల్లున నవ్వారు. "ఈశ్వర్రావు బావా, పిన్ని బేరం పెంచుతన్నాది! పట్టుసీర తేవాల్సింది" అన్నాడు అప్పలరాజు. పిన్ని నవ్వలేదు. "నవ్వులాటకి గాదు. నా బిడ్డని నానివ్వను" అంది మళ్ళీ. నేను వెళ్ళి చేతులు చాపాను. ఆవిడ భుజం పక్కకి తిప్పేసుకుంది. ఇద్దర్ని దేవుడు పట్టుకుపోయాడు, మూడోవాణ్ణి కింది వాటా ఆవిడ పట్టుకుపోతుందా? "ఏటి పిన్నీ, పిచ్చెక్కిందా? తవుడిచ్చి కొంటే నీవోడైపోతాడేటి?" అని గొంతు చిరిగేలా అరిచాను. ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "అయిపోతాడు తల్లీ. మీరే గదా అమ్మినారు. రేపు నా బిడ్డని ఆసుపత్రికి తీసుకెల్తాను. డాక్టరు సూసినాక అడుగు. ఇయ్యాల ఇచ్చీసినానంటే రేపు ఆడి మీద నా మాట సెల్లదు." ఆసుపత్రికి ఎందుకని మా ఆయన అడిగాడు. పిన్ని మా అత్తమ్మ వైపు తిరిగి అంది: "వదినా, నా నోరు నువ్వు కట్టేసినావు. సేతులు కట్టలేదు గదా."

అత్తమ్మ అక్కడే, గచ్చు మీద కూలబడింది. పళ్ళెం ఒరిగి బత్తాయిలు దొర్లిపోయాయి. "ఆడికి సెవులు ఇనబడవు నాయినా" అంది కొడుకుతో. దీపావళికి వీధంతా బాంబులు పేలుతుంటే వాడు కళ్ళయినా ఆర్పలేదట. ఆ రోజే పిన్నికి తెలిసిందట. అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బిడ్డ నెత్తి మీద పెట్టించి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట. "ఇద్దర్ని పోగొట్టుకున్న పిల్ల, తెలిస్తే సచ్చిపోద్దనుకున్నాను. మగపిల్లలకి మాట ఆలీసంగా వస్తాది గదా అనుకున్నాను" అని ఏడుస్తోంది. నాకు ఆవిడ నోరు కదలడమే కనిపిస్తోంది గానీ మాటలు ఎక్కడం లేదు. అబద్ధం అన్నాను. అబద్ధం, అబద్ధం అని అంటూనే ఉన్నాను. అప్పలరాజు ఏమనుకున్నాడో, బిర్యానీ డేక్సా మూత, ఇనుప గరిటె పట్టుకుని పిన్ని వెనక్కి వెళ్ళి, వాడి తల వెనక బలంకొద్దీ మోగించాడు. పక్క మేడ మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు, ఎవరి చంకలోనో పసిబిడ్డ గుక్కపట్టింది. నా కొడుకు వేలికంటిన క్రీము నాకుతున్నాడు. అప్పలరాజు మళ్ళీ మోగించాడు. వాడు ఇంకో వేలు నోట్లో పెట్టుకున్నాడు.

అప్పలరాజు మూత కింద పడేసి గోడవైపు తిరిగిపోయాడు. మెల్లిగా ఒక్కొక్కరే లేచారు. మెట్లు దిగుతూ ఎవరో పిన్నిని చూసి, "బాగుంది వరస, పిల్లల దొంగలా" అన్నారు. ఆవిడ విన్నది. తల కూడా తిప్పలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడే వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కింది. నేను పక్కన పరాయిదానిలా కూర్చున్నాను. ఆసుపత్రిలో వాణ్ణి నిద్రపుచ్చి, తలకి తీగలు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులూ దాదాపు వినపడవని, ఈ వయసులో తేవడం మంచిదైందని, ఆలస్యమైన కొద్దీ మాట రావడం కష్టమవుతుందని డాక్టరు చెప్పాడు. ముందు చెవికి మిషన్లు పెడతామన్నాడు, తర్వాత ఆపరేషన్ అన్నాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేర్పించాలన్నాడు. నేను వాడి తలకంటిన జిగురు తుడుస్తూ ఏడుస్తున్నాను. "మాటొస్తాదా బాబూ?" అని పిన్నే అడిగింది. కష్టపడితే వస్తుందన్నాడు. బయటికొచ్చాక వాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. "పాలియ్యి. ఇచ్చీలేదు సుమా, ఎత్తుకోడానికే. మంచి రోజు సూసి సీరెట్టి అడుగు, అప్పుడిత్తాను" అంది. అంత ఏడుపులోనూ నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆ కోపం చాలా రోజులు పోలేదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక కిందికి దిగి అడిగేశాను. "అన్ని నెలలు ఎలా దాచావు పిన్నీ? నా చెవిలో ఒక్క మాట ఊదితే పోయేది. పదిమందిలో నా గుండె ఆపేశావు కదా" అన్నాను. ఆవిడ దిండు గలీబులో దూది కూరుతోంది. "ఆడి నెత్తి మీద సెయ్యేసి ఒట్టెట్టినాను తల్లీ. తప్పితే ఎవలికి తగుల్తాది? నీకా, నాకా? ఆడికే గదా" అంది. మరి ఆ రోజు చేసిందేమిటన్నాను. "ఆ రోజు నానేటీ సెప్పలేదు. బిడ్డనివ్వనన్నాను, అంతే" అని ముసిముసిగా నవ్వింది. నేను మేడెక్కి వచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను. ఇచ్చిన మాట తప్పలేదు, బిడ్డనీ వదల్లేదు. మధ్యలో తన పేరు పోతే పోనీ అనుకుంది. నేనైతే ఏం చేసేదాన్నని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను.

మిషన్లు పెట్టిన రోజు వాడు వాటిని పీకి పారేసి గంటల తరబడి ఏడ్చాడు. ఆపరేషన్ అయ్యాక పిన్ని రోజూ మధ్యాహ్నం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుప్పెడు దూది తీసి "దూది, దూది" అనేది. ఆవిడ గొంతు వీధికి గోలే గానీ వాడికి సరిగ్గా సరిపోయింది. మా అత్తమ్మ కొన్నాళ్ళు కిందికి దిగలేదు. తర్వాత ఒక రోజు దిగి, పక్కన కూర్చుని దూదిలో గింజలు ఏరడం మొదలెట్టింది. వాడి నోట మొట్టమొదట స్పష్టంగా వచ్చిన మాట "దూది". అమ్మ కాదు, దూది! నేను మూతి ముడుచుకుంటే పిన్ని పడీ పడీ నవ్వింది. "ఏడవకే, అమ్మ కూడా అంటాడు. ముందు నన్నంటాడు, తరవాత నిన్ను." అచ్చం అలాగే అన్నాడు, దొంగ వెధవ. ఏటా పుట్టినరోజుకి స్నేహితులంతా మళ్ళీ మేడ మీద చేరేవారు. పిన్ని "సీరేదిరా ఈశ్వర్రావూ?" అని అడగడం, ఆయన "వచ్చే ఏడు పిన్నీ" అనడం. ఒకసారి ఆపరేషన్ అడ్డం వచ్చింది, ఒకసారి మైల, ఒకసారి ఆషాఢం. తర్వాత అది మా అందరికీ ఒక పరాచికమై కూర్చుంది.

పోయినేడు వర్షాల్లో, తెల్లారి నమాజు చేసుకుని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. మధ్యాహ్నం వాళ్ళ పెద్దబ్బాయి మస్తాన్ మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీలు కావాలేమో అనుకుని నేను లోపలికి తిరిగాను. "సెల్లీ, తమ్ముణ్ణి పంపించు" అన్నాడు. ఏ తమ్ముణ్ణి అన్నాను, నిజంగానే అర్థం కాక. "తవుడుని. కొడుకులందరం మట్టెయ్యాల గదా. ఆడి కోసమే ఆగినాం" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను ఆట అనుకున్నాను. కింద ఆ ఇంట్లో మాత్రం వాణ్ణి ఆరో బిడ్డ కిందే లెక్కేసుకున్నారు. మా ఆయన నా మొహంలోకి చూశాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని మా అత్తమ్మ లేచింది. వాడి మొహం కడిగి, ఉతికిన చొక్కా తొడిగి, తెల్ల రుమాలు తలకి కట్టింది. "ఎల్లు నాయినా. మీయమ్మ కాడికెల్లు" అంది. వాడు మస్తాన్ వేలు పట్టుకుని దిగిపోయాడు.

ఎవరి బిడ్డలోనైనా తేడా కనిపిస్తే ఇప్పుడు నేను నోరు మూసుకోలేను. పార్టీ అని చూడను, పదిమంది అని చూడను. కొందరు స్నేహితులు మమ్మల్ని పుట్టినరోజులకి పిలవడం మానేశారు. మానెయ్యనీ. మా తవుడికి తొమ్మిదేళ్ళు. మేడ మీద గాలిపటం ఎగరేస్తూ వీధి అదిరేలా అరుస్తున్నాడు, ఆ గొంతు ఎవరి దగ్గర నేర్చాడో వేరే చెప్పక్కర్లేదు. కన్నది నేనే, పెంచుతున్నదీ నేనే. వాణ్ణి మాత్రం మేం తిరిగి తెచ్చుకోలేదు. చీర బీరువాలో అలాగే ఉంది. ఇంక అడుగుదామన్నా, "నానివ్వను" అనడానికైనా ఆ మనిషి లేదు.